ఓడ ఆగుతదా బామ్మర్దీ?

దామరచర్లలో అద్దంకి రోడ్డు మీద లారీల మోత సాయంత్రం ఆరు దాటినా తగ్గదు. కోతల కాలమైతే మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్లు కూడా తోడవుతాయి. ఆ రోడ్డుకు నాలుగిళ్ల లోపల ఒక డాబా వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒకదాంట్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. రెండోదాంట్లో ఆయన బామ్మర్ది, మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తా. నడుమ స్టూలు మీద చాయ్ గ్లాసులు, గుమస్తా డైరీ, ఒక ప్రింటు కాగితాల కట్ట.

కాగితాలు అమెరికా నుంచి మాస్టారి కొడుకు పంపినవి. అమ్మకూ నాన్నకూ, తోడుగా మేనమామకూ కలిపి మధ్యధరా సముద్రంలో వారం రోజుల ఓడ ప్రయాణం. బార్సిలోనాలో ఎక్కి, లివోర్నో, చివిటవెక్కియా, నేపుల్స్, పలెర్మో తిరిగి మళ్ళీ బార్సిలోనాలో దిగాలి. ఆ నాలుగు రేవులూ ఇటలీవే. విమానం, వీసా, ఓడ టికెట్టు కొడుకు చూసుకుంటాడు. ఓడ దిగి ఊళ్ళు చూసే ఖర్చు మాత్రం మీదేనని రాశాడు. తగాదా అక్కడ మొదలైంది.

"దీంట్ల తగాదా ఏముంది?" అన్నారు మాస్టారు. "ఓడోళ్ళే బస్సు పెడతరు. ఓడోళ్ళే గైడును ఇస్తరు. తిప్పి తెచ్చి మళ్ళ ఓడ మెట్ల కాడ దించుతరు. పైసలు కట్టి కూసుంటే సరిపాయె."

"ఎన్ని పైసలో కూడ రాసిండ్రు బావా. అది చదివినవా?"

చదివారు. చదివి ఆ పేజీని కట్ట అడుగున పెట్టారు. గుమస్తా దాన్ని మళ్ళీ పైకి తీశాడు. రోమ్ చూపించే రోజుకు మనిషికి నూరు యూరోలు దాటింది. యూరో అంటే నూరు రూపాయల పైమాటే. నాలుగు రేవుల్లోనూ ముగ్గురూ ఓడవాళ్ళ బస్సే ఎక్కితే లక్షా ఇరవై వేలకు తక్కువ కాదు.

"అబ్బాయి ఓడ టికెట్టు కొనిచ్చినందుకు మనం లచ్చ రూపాయలు ఎదురు కడతమా?"

"మరి నువ్వేం చేస్తవు? రైలెక్కి రోము పోతవు. ఆ రైలు ఏడనో ఆగిపోతది. ఓడ ఆగుతదా బామ్మర్దీ?"

ఆగదు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ఓడ కంపెనీ నడిపే టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆ బస్సు కోసం కాచుకుంటుంది, లేదా ఆ ప్రయాణికులను తర్వాతి రేవుకు తన ఖర్చుతో చేరుస్తుంది. సొంతంగా తిరగబోయినవాళ్ళకు ఆ హామీ లేదు. ఓడ కదలడానికి అరగంటో గంటో ముందే అందరూ ఎక్కి ఉండాలి. తర్వాత మెట్లు తీసేస్తారు. కాబట్టి టూరు ధరలో గైడు కూలి, బస్సు బాడుగతో పాటు బీమా కూడా కలిసి ఉంది. ఆ బీమా ఏ రేవులో అవసరం, ఏ రేవులో దండగ అన్నదే అసలు తేల్చుకోవలసిన సంగతి. బావా బామ్మర్దులు ఆ మాటకు రావడానికి రెండు చాయ్‌లు పట్టింది.

గుమస్తా డైరీ తెరిచాడు. ముప్పై ఏళ్లుగా వడ్ల లెక్కలు రాసిన చెయ్యి. ఇటలీ లెక్క కూడా అదే పద్ధతిలో గీతలు కొట్టి రాసుకున్నాడు.

"మా మిల్లుకు లారీ వస్తే ఏం చేస్తం? తేమ చూస్తం, తాలు చూస్తం, తరుగు తీస్తం. మిగిలినదానికే కద పైసలు. ఈ టూరును కూడ అట్లనే తూర్పార పట్టిన. పది గంటల టూరు అని రాసిండ్రు. చివిటవెక్కియా నుంచి రోముకు బస్సుల గంటన్నర, రానుపోను మూడు గంటలు. యాభై మంది దిగాలె, యాభై మందిని లెక్కపెట్టాలె, మళ్ళ యాభై మంది ఎక్కాలె, అదొక గంట. ఎవరో ఒకరు తప్పిపోతరు, వాళ్ళ కోసం ఇంకో అరగంట. దుకాణం కాడ ఆపుడు, అందరికీ కలిపి బువ్వ. అంతా తాలే బావా. గింజ చూస్తే నాలుగు గంటలు లేదు."

మాస్టారు నవ్వారు. పిల్లల పరీక్ష పేపరు దిద్దేటప్పుడు వచ్చే నవ్వు అది.

"నీ రైలు లారీల తాలు లేదా? ఓడ కాడి నుంచి రేవు గేటు దాక ఒక బస్సు. గేటు కాడి నుంచి స్టేషన్‌కు ఇంకో బస్సు, లేకుంటే నడక. టికెట్ల లైను. బండి కోసం ఎదురుచూపు. బండ్లె ముప్పావు గంట పైన. అన్నీ తీసెయ్యి. సాయంత్రం వచ్చేటప్పుడు భయానికి రెండు గంటలు ముందుగనే బయల్దేరుతవు. అదీ తీసెయ్యి. నీకు మిగిలేది అయిదు గంటలు. నా నాలుగుకూ నీ అయిదుకూ తేడా ఒక్క గంట. ఆ గంట కోసం నన్ను ఉరికిస్తవా?"

"గంట కోసం కాదు బావా. ఇరవై ఆరు వేల కోసం."

లెక్క సరైనదే. రోమ్ నగరానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవు చివిటవెక్కియా. ట్రాజన్ చక్రవర్తి రెండో శతాబ్దం మొదట్లో కట్టించిన రేవని మాస్టారు మధ్యలో ఒక పాఠం చెప్పారు, గుమస్తా విన్నాడు. అక్కడి నుంచి ప్రాంతీయ రైలుకు ఒకవైపు టికెట్టు అయిదు యూరోల దరిదాపు. అదే రైలుకూ, రోమ్‌లో సిటీ బస్సుకూ, మెట్రోకూ కలిపి రోజంతా పనికొచ్చే టికెట్టు ఒకటుంది. బిర్గ్ అంటారు. 12 యూరోలు. ముగ్గురికీ 36. కాగితం టికెట్టయితే బండి ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద ఉండే చిన్న మెషిన్‌లో పెట్టి తారీఖు, టైము ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే చేతిలో టికెట్టుండి కూడా జరిమానా కట్టాలి. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. గుమస్తా ఈ ముక్కను డైరీలో ఎర్ర ఇంకుతో రాసి చుట్టూ గీత గీశాడు.

అందరూ చేసే ఇంకో పొరపాటు టెర్మిని దాకా పోవడం. రోమ్ పెద్ద స్టేషన్ అదే కాబట్టి అక్కడే దిగాలనుకుంటారు. దానికంటే ముందే సాన్ పియెత్రో అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే సెయింట్ పీటర్స్ చర్చి. లోపలికి పోవడానికి టికెట్టు లేదు, తనిఖీ లైను మాత్రం ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. చీర కట్టుకున్నవాళ్ళకు ఆ చిక్కు లేదు. పక్కనున్న వాటికన్ మ్యూజియంకు మాత్రం టికెట్టుంది. దానికి సగం రోజు పోతుంది కూడా. ఓడ దిగి వచ్చినవాళ్ళు ఆశ వదులుకోవలసినవాటిలో అది మొదటిది. పాంథియన్‌కు 2023 జులై నుంచి 5 యూరోలు పెట్టారు. కలోసియం బయటి నుంచి చూస్తే ఖర్చు లేదు, లోపలికి పోతే పూట గడిచిపోతుంది.

"నీళ్లు?" అన్నారు మాస్టారు. ఎండాకాలం రోమ్ మన మిర్యాలగూడకు ఏమీ తీసిపోదని కొడుకు రాశాడు.

"వీధి వీధికి నల్లాలున్నయి. ముక్కు లెక్క వంగి ఉంటయట, అందుకే నసోనే అంటరు. రెండు వేలకు పైన ఉన్నయి. తాగే నీళ్లే. సీసా తీస్కపోతే చాలు."

నీళ్లు పుక్కటికి దొరకడంతో మాస్టారి వాదం కాస్త సడలింది గానీ, ఆయన భయం వెనక ఒక కథ ఉంది. దాన్ని ఆ వరండాలో విననివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ల కింద కాశీయాత్ర బస్సు ఎక్కారు. వంటవాళ్లు, గిన్నెలు, బియ్యం బస్తాలు అన్నీ బస్సులోనే. ప్రయాగలో త్రివేణి సంగమం దగ్గర స్నానం చేసి, తడి పంచె మార్చుకుని వచ్చేసరికి బస్సు లేదు. తలలు లెక్కపెట్టినవాడు ఎవరినో రెండుసార్లు లెక్కపెట్టాడు. మాస్టారి చేతిలో తడి పంచె, జేబులో వంద రూపాయలు. చెప్పులు బస్సులో.

"అప్పటి సంది నాకు ఒక్కటే సూత్రం. ఎవడి బస్సుల వచ్చినమో వాడి చేతి కిందనే ఉండాలె."

"ఆ కథ సగమే చెప్తవు బావా ఎప్పుడు. బస్సు పోయినంక ఏం చేసినవు?"

"ఏం చేస్త? స్టేషన్‌కు పోయిన. కాశీ బండి ఎక్కిన."

"తెల్లారి కాశీల మనోళ్ళను కలుసుకున్నవా లేదా?"

"సత్రం కాడ పులిహోర తాలింపు వాసన పట్టుకుని పోయిన."

"గదే నేను చెప్పేది!" గుమస్తా తొడ చరిచాడు. "బస్సు పోతే పోయింది. బస్సు యాడికి పోతదో నీకు తెలుసు. ఆడికి రైలుంది. ఇటలీల కూడ చూసుకోవాల్సింది ఓడ పోతదా ఆగుతదా అని కాదు. పోతే తర్వాతి రేవు ఏది, ఆడికి మనం ఎట్ల చేరుతం అని."

ఈ మాటకు మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి పాత అట్లాసు తెచ్చారు. వెన్ను ఊడిపోయి, దారంతో కుట్టిన అట్లాసు. ఇటలీ పేజీ మీద పెన్సిల్ పెట్టి పైనుంచి కిందికి మెల్లగా జరిపారు. లివోర్నో. దాని కింద అదే ఒడ్డున చివిటవెక్కియా. ఆ కింద రోమ్, ఇంకా కింద నేపుల్స్. పడమటి తీరం పొడుగునా ఒకే రైలు దారి. లివోర్నోలో ఓడ తప్పిపోతే రెండు మూడు గంటల్లో చివిటవెక్కియా చేరవచ్చు. చివిటవెక్కియాలో తప్పిపోతే రోమ్ మీదుగా నేపుల్స్‌కు పోవచ్చు. రోమ్ నుంచి నేపుల్స్‌కు వేగం బండిలో గంటా పది నిమిషాలు. ఒక రాత్రి లాడ్జి ఖర్చు, టికెట్ల ఖర్చు, ఇంటావిడ చేతిలో చీవాట్లు. అంతకు మించి నష్టం లేదు.

పెన్సిల్ నేపుల్స్ దాటి పలెర్మో దగ్గర ఆగింది. సిసిలీ దీవి.

"ఇక్కడ తప్పిపోతే?"

"ఆడ తప్పిపోవద్దు," అన్నాడు గుమస్తా. పలెర్మో తర్వాత ఓడ ఆగేది బార్సిలోనాలోనే. నడుమ సముద్రం. విమానం తప్ప దిక్కు లేదు. అప్పటికప్పుడు కొంటే దాని ధర ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. అయితే పలెర్మోలో ఓడ ఊరి ముంగిటే ఆగుతుంది. దూరం పోకుండా ఊళ్ళోనే తిరిగితే తప్పిపోయే అవకాశమూ లేదు. కాగితాల్లో అన్ని రేవులకూ ఒకే అక్షరాల్లో, ఒకే రంగులో టూర్లు వేశారు కాబట్టి ఈ తేడా కనపడదు. అట్లాసులో కనపడుతుంది.

మాస్టారు ఓడిపోయారనుకుంటే పొరపాటు. సాంఘిక శాస్త్రం మాస్టారుకు సమ్మెల సంగతి తెలుసు.

"ఇటలీల రైల్వే సమ్మెలు మామూలే. షోపెరో అంటరు. ముందుగనే తారీఖు చెప్పి చేస్తరు, నిజమే. పనిరోజుల్ల పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాక, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాక ప్రాంతీయ బండ్లు తప్పకుండ నడపాలె. పొద్దున బండి నీకు దొరుకుతది, రోముకు పోతవు. సాయంత్రం బండ్లు మొదలయ్యేది ఆరింటికి. ఓడ ఎక్కాల్సింది ఆరున్నరకు. ఎట్ల వస్తవు?"

గుమస్తా దగ్గర దీనికి జవాబు లేదు. డైరీలో 'సమ్మె' అని రాసి పక్కన సున్నా చుట్టాడు.

"ఇంకోటి. పాస్‌పోర్టులు కొన్ని ఓడల వాళ్ళే తీసి పెట్టుకుంటరు. ఓడ పోతే నీ పాస్‌పోర్టు రేవుల ఏజెంటు చేతిల పెట్టి పోతరు. ఆ ఏజెంటును చీకట్ల ఏడ వెతుకుతవు?"

"రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఓడోళ్ళు ఇచ్చే రోజువారీ కాగితం మీద ఉంటది. దిగేటప్పుడే ఫొటో తీసి పెట్టుకోవాలె," అన్నాడు గుమస్తా. గొంతులో మునుపటి జోరు లేదు.

ఇద్దరికీ సరిపోయే దారి ఒకటి అదే కాగితాల్లో, ఎవరూ చూడని చోట ఉంది. గైడు లేకుండా, భోజనం లేకుండా, ఉత్త బస్సు మాత్రమే ఇచ్చే ఏర్పాటు. పొద్దున రోమ్‌లో ఒకచోట దించుతారు, సాయంత్రం అక్కడే ఎక్కించుకుంటారు, నడుమ మీ ఇష్టం. ధర పూర్తి టూరులో సగానికి అటూఇటూ. అది కూడా ఓడవాళ్ళ బస్సే కాబట్టి కాచుకునే హామీ దానికీ వర్తిస్తుంది. సమ్మె రోజున ఇంతకంటే మంచి బేరం లేదు. మామూలు రోజున మాత్రం గుమస్తా రైలే మేలు. ఈ ఇద్దరి మాటలూ విన్నవాళ్ళకు ఇంతవరకు అనిపించేది అదే.

లోపలి నుంచి నూనెలో పిండి పడిన చప్పుడు వచ్చింది. మిరపకాయ బజ్జీలు. కాసేపు ఇటలీ ఆగింది.

బజ్జీ తింటూ మాస్టారు నాగార్జునకొండ సంగతి ఎత్తారు. ఈ ప్రాంతం వాళ్ళకు ఓడ దిగి ఊరు చూసి మళ్ళీ ఓడ ఎక్కడమంటే మొదట తెలిసింది అదే. సాగర్‌లో లాంచి ఎక్కితే ముప్పావు గంటో గంటో ప్రయాణం. దీవి మీద దిగాక గంటో, కాస్త ఎక్కువో. హారన్ వేస్తే ఉరకాలి. ఆ దీవి ఒకప్పుడు కొండ. కింద లోయలో మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. డ్యాం నీళ్లు వచ్చేలోగా 1954 నుంచి ఆరేళ్లు తవ్వకాలు చేసి, దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను ఎత్తి కొండ మీద పెట్టారు. ఊరు నీళ్ల కింద ఉంది.

"ముప్పై ఏళ్లల్ల ఇరవై సార్లన్న పిల్లలను తీస్కపోయిన. నేను ముందుండి చెప్తే గంటైనా మ్యూజియం నుంచి కదలకపోయేది. పక్క బడి పిల్లలు చెప్పేటోడు లేక పది నిమిషాల్ల బయటికొచ్చి ఐస్‌క్రీముల కాడ నిలబడేది. రాయి అదే, పిల్లలు అసొంటోళ్ళే. చెప్పేటోడు లేకపాయె. నువ్వు పైసలు మిగిల్చి పాంపేకు తీస్కపోతవు. ఆడ ఏముంటది? గోడలు. ఏ గోడ ఏందో నీకెరుకనా?"

ఈ దెబ్బ గట్టిదే. పాంపే ప్రయాణంలో దారి ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది. నేపుల్స్‌లో ఓడ ఊరి నడిబొడ్డున ఆగుతుంది. గరిబాల్ది స్టేషన్ రెండు కిలోమీటర్లు. అక్కడి నుంచి చిర్కుమ్‌వెసువియానా అనే పాత లోకల్ బండి. మన పుష్‌పుల్‌కు తమ్ముడిలాంటిది. కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగలు ఉంటారు, టికెట్టు మూడు నాలుగు యూరోలు. నలభై నిమిషాల్లోపు పాంపే స్కావి స్టేషన్‌లో దించుతుంది. ఎదురుగానే తవ్వకాల గేటు. ఓడవాళ్ళ టూరు ఇక్కడ పూర్తిగా దండగ. కానీ 79వ సంవత్సరంలో వెసువియస్ బూడిద కింద పడిపోయిన ఆ పట్నంలో రొట్టెల భట్టీ ఏదో, బట్టలుతికే ఇల్లు ఏదో చెప్పే మనిషి లేకపోతే, నీడ లేని ఎండలో గుండ్రాళ్ల బాట మీద మూడు గంటల నడకే మిగులుతుంది.

"గేటు కాడ లైసెన్సు గైడులు దొరుకుతరు," అన్నాడు గుమస్తా. "పది మందితోని కలిసి పోతే తలా కొంచెం పడుతది. గైడు పైసలు నేను కాదన్ననా? నేను కాదన్నది దళారి పైసలు."

"ఆ మాట ముందు చెప్పొద్దా?"

"నువ్వు ముందు అడగొద్దా?"

పాంపే టికెట్టు మాత్రం ఇక్కడే కొనుక్కుని పోవాలి. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి వదులుతున్నారు. టికెట్టు మీద పేరు ఉంటుంది, గుర్తింపు కార్డు చూపాలి.

ఇంటావిడ బజ్జీల రెండో వాయి తెచ్చి గడప మీదే నిలబడింది. కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టం. కుడి మోకాలు వంగదు. ఇప్పటిదాకా ఇద్దరు మగవాళ్ళూ గంటలూ యూరోలూ లెక్కపెట్టారు గానీ ఆ మోకాలును ఎవరి పద్దులోనూ రాయలేదు. వరండా మెట్టు దిగాలంటేనే ఆమె ముందు ఎడమ కాలు వేసి, చెయ్యి గోడకు ఆనించి, తర్వాత కుడికాలు దించుతుంది.

"నన్ను అడుగుతరా ఎవరన్నా? రోముల ఎంత నడవాలె?"

గుమస్తా డైరీలో ఉన్న దారి చర్చి నుంచి నది దాటి, నవోనా చౌరస్తా, పాంథియన్, త్రేవి ఫౌంటెన్ దాకా. నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. అంతా చిన్న చిన్న నల్లరాళ్లు పరిచిన బాటలు. నాలుగు కిలోమీటర్లు అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"బస్సు టికెట్టు కలిసే ఉంది కదక్కా. చర్చి చూసి బస్సు ఎక్కుదం. పాంథియన్ ఒక్కటి చూసి వద్దం."

"లివోర్నోల?"

లివోర్నో సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. సరుకు ఓడల రేవు కాబట్టి లోపల నడవనివ్వరు. డబ్బులిచ్చి బస్సెక్కి ఊళ్ళోకి రావాలి, ఇంకో బస్సులో స్టేషన్‌కు పోవాలి. ఫ్లోరెన్స్‌కు రైల్లో గంటా ఇరవై నిమిషాల పైన. పీసాకు పావు గంట, ఇరవై నిమిషాలు. ఫ్లోరెన్స్ గొప్పదే గానీ రానుపోను మూడు గంటలు కూర్చుని, దిగాక నడవాలి. పీసాలో వంగిన గోపురాన్ని బయట నుంచి చూస్తే టికెట్టు లేదు. ఎక్కితేనే డబ్బులు, ఆ మోకాలుతో ఎక్కేదీ లేదు. సాన్ రొస్సోరె అనే చిన్న స్టేషన్‌లో దిగితే గోపురం దగ్గరే. మైకెలాంజెలో శిల్పాల కోసం మాస్టారు ఒక నిట్టూర్పు విడిచి సరే అన్నారు.

పలెర్మోకు లెక్కే లేదు. ఓడ దిగి నడవడమే. బల్లారో సంతలో శనగపిండి ఉడికించి, ఆరబెట్టి, పలకలుగా కోసి నూనెలో వేయించి రొట్టెలో పెట్టి ఇస్తారు. పానెల్లె అంటారు. ఇంటావిడ చేతిలోని బజ్జీని ఒకసారి చూసుకుంది. అన్నం ఉండలు చేసి వేయించే అరంచీనె కూడా ఉంటాయనగానే గుమస్తాకు హుషారు వచ్చింది. యూరప్‌లో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయేనట, ఉత్తరాన వెర్చెల్లి వైపు మన ఆయకట్టు లాగే మళ్ళలో నీళ్లు పెడతారట. ఓడ అటు పోదని తెలిసి కాసేపు చిన్నబోయాడు. తినేదగ్గర ఇంకో రెండు మాటలు చెప్పాడు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. బల్ల మీద చెయ్యి ఆనిస్తే కొపెర్తో అని తలకింత బిల్లులో వేస్తారు. పిజ్జాను ముక్కగా కోసి తూకానికి అమ్మే కొట్లలో కడుపు తక్కువలో నిండుతుంది.

"తూకానికా?" అన్నారు మాస్టారు. "అయితే నిన్ను మోసం చేసేటోడు ఇటలీల లేడు."

ఫోన్ సంగతి కూడా అప్పుడే వచ్చింది. నడిసముద్రంలో ఫోన్ దానంతట అదే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. ఆ బిల్లు ముందు టూరు బస్సు చవక అనిపిస్తుంది. ఓడ రేవు వదలగానే ఫోన్‌ను ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టాలని గుమస్తా అక్కకు రెండుసార్లు చెప్పాడు. ఆమె తలూపింది, వినలేదు. ఆమె చూపు అట్లాసు మీద ఉంది.

"నేపుల్స్‌ల లచ్చిందేవి ఉన్నదంటివి కదయ్యా. మొన్న రాత్రి చెప్పితివి."

మాస్టారి ముఖం వెలిగింది. ఇంతసేపూ ధరల మధ్య ఆయనకు చెప్పే వీలు దొరకని పాఠం అది. 1938లో పాంపే తవ్వకాల్లో ఒక ఏనుగుదంతపు బొమ్మ దొరికింది. జానెడు కంటే కాస్త పెద్దది. ఒంటి నిండా నగలు, అటూఇటూ ఇద్దరు చెలికత్తెలు. పాంపే లక్ష్మి అని పేరు పడింది. లక్ష్మి కాదు యక్షిణి అనేవాళ్ళూ ఉన్నారు. అద్దం పిడి అనీ, బల్ల కోడు అనీ రెండు వాదాలు. ఏదైనా గానీ మన దేశపు పనితనమే. ఇలాంటి బొమ్మలే సాతవాహనుల నేల మీద, ఇప్పటి మహారాష్ట్రలోని తేర్, భోకర్దన్‌లలో దొరికాయి. వెసువియస్ బద్దలైన 79వ సంవత్సరానికి ముందే అది సముద్రం దాటి పోయింది.

"పోయినందుకు అటునుంచి పైసలు కూడ వచ్చినయి," అన్నారు మాస్టారు. "మన నల్లగొండ జిల్ల అక్కెనపల్లిల రోము వెండి నాణేలు కుండెడు దొరికినయి. నాగార్జునకొండల టైబీరియస్ చక్రవర్తి బంగారు నాణెం దొరికింది."

"సరుకు పోయింది, పైసలు వచ్చినయి. దళారి ఎంత తిన్నడో?" అన్నాడు గుమస్తా.

ఇంటావిడ తమ్ముడి మాట పట్టించుకోలేదు. "ఆ బొమ్మ పాంపేల ఉన్నదా?"

"పాంపేల లేదు. నేపుల్స్ ఊళ్ళెనే పెద్ద మ్యూజియం ఉంది, అండ్ల పెట్టిండ్రు."

"ఓడ ఆ ఊళ్ళెనే కదా ఆగేది? రైలు ఎక్కే పని లేదు కదా? ఎండ లేదు, గుండ్రాళ్లు లేవు. ఇంటి కప్పు కింద కూసుని చూడొచ్చు."

వరండాలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు మగవాళ్ళు గంటన్నర తూర్పార పట్టిన లెక్కలో ఇంత తేలికైన గింజ వాళ్ళకు కనపడలేదు. ఓడ దిగి టాక్సీలో పది నిమిషాలు. పాంపే గోడల మీది మంచి బొమ్మలు, రంగురాళ్ల చిత్రాలు చాలావరకు ఎత్తుకొచ్చి పెట్టింది ఆ మ్యూజియంలోనే. కూర్చోవడానికి బల్లలు ఉంటాయి. గైడు పనికి మాస్టారు ఉండనే ఉన్నారు.

"అయితే నేపుల్స్ అక్క చెప్పినట్టే," అన్నాడు గుమస్తా డైరీలో పాంపే కొట్టేస్తూ. "బావా, నేపుల్స్‌కు ఓడ ఏ వారం చేరుతది? మ్యూజియం సెలవు చూసుకోవాలె."

మాస్టారు కాగితాల కట్టలో తారీఖుల పేజీ తీశారు. శుక్రవారం బార్సిలోనాలో ఎక్కడం. శనివారం సముద్రం. ఆదివారం లివోర్నో. సోమవారం చివిటవెక్కియా. వేలు తర్వాతి గీత మీద ఆగింది.

"మంగళవారం."

గుమస్తా ఫోన్ తీసి చూశాడు. మళ్ళీ చూశాడు. నేపుల్స్ మ్యూజియంకు వారపు సెలవు మంగళవారం.

"పాంపేకు సెలవు లేదు, అది తీసే ఉంటది," అన్నారు మాస్టారు ఓదార్పుగా.

"పాంపేల లచ్చిందేవి లేదంటివి కద?" అంది ఆమె. "ఇంకో వారం పోతే?"

"వారం ఓడ అక్కా అది. బస్సు లెక్కనే, ఒకటే దారి తిరుగుతది. ఎప్పుడు పోయినా నేపుల్స్‌కు మంగళవారమే పోతది."

అద్దంకి రోడ్డు మీద ఒక వడ్ల లారీ గేరు మార్చుకుంటూ పోయింది. ఇంటావిడ ఖాళీ పళ్లెం తీసుకుని గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"టికెట్లు ఇంకా కొనలేదు కద తమ్మీ? అబ్బాయికి ఫోన్ చేసి వేరే ఓడ చూడమను."